పిట్ట వాటా

ములే బూట్ల కుట్లలో తెల్లమన్ను ఉంది.

పరిశోధనాధికారి నాసియెకు ఆ జతను పార్కు ఆఫీసు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో తిప్పితిప్పి చూసింది. నైబోర్ సరస్సు ఒడ్డున ఎండి పెచ్చులుకట్టే చవుడు మన్ను అది. మడమల దగ్గర మరీ మందంగా పట్టింది. ఆ బూట్లు తొడుక్కున్న గార్డు ములే మాత్రం ఈ ఉదయం తల పగిలి, స్పృహ లేకుండా దొరికింది అడవి లోపల, మేడిచెట్టు కింద. అక్కడి నేల కుంకుమలా ఎర్రన. అడ్డదారిన నడిచినా సరస్సు అక్కడికి ఇరవై నిమిషాల దూరం.

"బూట్లు బేరమాడుతున్నారా మేడమ్? మీకు పెద్దవవుతాయేమో," అన్నాడు గుమ్మంలోంచి ఇన్‌స్పెక్టర్ ఒడూయా.

పట్నం స్టేషన్ నుంచి వచ్చిన ఒడూయాకు ఈ కేసు ఉదయం తొమ్మిదింటికే ముగిసిపోయింది. మేడిచెట్టు తొర్రలో తేనెపట్టు కొల్లగొట్టారు. చెట్టు కింద గార్డు పడి ఉన్నాడు. పక్కనే నెత్తురంటిన గొడ్డలి. ఆ గొడ్డలి, అడవి తేనె మీద బతికే ఓగియెక్ తెగ ముసలాయన కిర్సోయ్‌ది. ఆయన తొమ్మిదింటికి పార్కు కంచె అవతల తేనె సంచితో సహా దొరికాడు. పార్కులో తేనె తీయడం నేరం, గార్డు పట్టుకున్నాడు, ముసలాయన కొట్టాడు. ఒంటిగంటకు బండి కదులుతుంది. సాయంత్రానికి కిర్సోయ్ కోర్టు దాటి జైల్లో ఉంటాడు. ఈలోగా ఆసుపత్రిలో ములే ప్రాణం పోతే, డెబ్భై దాటిన ఆ మనిషి మళ్లీ అడవి చూడడు.

వన్యప్రాణి నేరాల విభాగం నుంచి నాసియెకు వచ్చేసరికి పదకొండయింది. ఆమె దగ్గరున్నది రెండు గంటలు.

"ఈ మన్ను ఎక్కడిదంటారు?" అని అడిగింది ఆమె.

"పార్కులో తిరిగేవాడి కాళ్లకి పార్కు మన్ను కాక గోధుమపిండి అంటుకుంటుందా?"

ఆమె నవ్వింది. గోడకున్న హాజరు పట్టీ కేసి చూపించింది. ఇక్కడ గార్డులకు ఆరింటికి హాజరు. బూట్లు కడిగి ఉంటేనే పేరు పక్కన గీత పడుతుంది, మురికి ఉంటే సున్నా. ములే పేరు పక్కన గీత ఉంది. అంటే ఈ చవుడు ఆరు తర్వాత అంటింది. ఆరు తర్వాత అతను సరస్సు ఒడ్డుకు వెళ్లాడు. అక్కణ్ణుంచి మేడిచెట్టు దాకా నడిచే వచ్చి ఉంటే దారి పొడుగునా ఉన్న తడిగడ్డి బూట్లను శుభ్రంగా తుడిచేసేది.

"నడవలేదన్నమాట. ఎగిరొచ్చాడా?" అన్నాడు ఒడూయా.

"అదే తెలుసుకుందామని, ఇన్‌స్పెక్టర్ గారూ."

ములేను మొదట చూసింది గైడు మ్వాంగోలా. పక్షుల్ని చూడటానికి వచ్చేవాళ్లను తిప్పడంలో ఈ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడంటారు. రెక్క చప్పుడు విని పిట్ట పేరు చెప్పేస్తాడు. గదిలోకి వచ్చి కూర్చున్నాక కూడా నల్లకళ్లద్దాలు తీయలేదు.

నాసియెకు టైముల గురించి అడిగింది. ఆరూ ఐదుకు గేటు పుస్తకంలో సంతకం, బండి నంబరు నాలుగు, ఇద్దరు అతిథులు. ఆరున్నరకు వాళ్లను సరస్సు ఒడ్డున పిట్టల్ని చూసే గుడిసెలో దింపాడు. ఇంజను చప్పుడుకు పిట్టలు బెదురుతాయని బండిని దూరంగా తీసుకెళ్లి ఆపుకొని కునుకు తీశాడు. ఏడున్నరకు లేచి, అతిథులకు చిరుత కనబడితే చూపిద్దామని అడవి దారి పట్టాడు. చెట్టు కింద ములే కనిపించాడు. ఏడూ యాభై ఐదుకు రేడియోలో చెప్పాడు. తర్వాత సరస్సు దారినే వెనక్కి వెళ్లి అతిథుల్ని తెచ్చుకున్నాడు.

"ఒకసారి అద్దాలు తీస్తారా?"

అతను తీశాడు. ఎడమ కనురెప్ప మేడిపండులా వాచి ఉంది.

"తేనెటీగలు, మేడమ్. ములేని లేవదీస్తుంటే మీద పడ్డాయి. మేమిద్దరం రోజూ సాయంత్రం సీసామూతలతో ఆట ఆడుకునేవాళ్లం. నిన్న నన్ను మూడుసార్లు ఓడించాడు," అన్నాడు. అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

తేలు కుట్టిన దొంగ నోరు విప్పడంటారు. ఇతను అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబు చెబుతున్నాడు. చెప్పింది కూడా నమ్మదగ్గదే. ములేను చూడటానికి ఆసుపత్రికి వెళ్లొచ్చా అని అతను ఒడూయాను అడిగాడు. ఒడూయా జేబులోంచి కాగితం తీసి, ఇతన్ని వార్డులోకి పంపమని రెండు ముక్కలు రాసి ఇచ్చాడు. ఆసుపత్రి దగ్గర పెట్టిన కానిస్టేబుల్‌ను కూడా పదింటికే వెనక్కి పిలిచేశానని, దొంగ దొరికాక కాపలా ఎందుకని ఆమెతో అన్నాడు.

బయట చింతమాను బల్ల మీద ఇద్దరు అతిథులు టీ తాగుతున్నారు. కిసుము పట్నం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు. పెద్దావిడ ఫిలిస్టర్ అకెల్లో, ఉద్యోగ విరమణ చేసిన బడి పంతులమ్మ. మెడలో దుర్భిణి, ఒళ్లో గళ్ల నోటుపుస్తకం. చూసిన ప్రతి పిట్టకూ ఎదురుగా టైము.

"ఇరవై ఏడేళ్లు లెక్కలు చెప్పాను అమ్మాయీ. నిమిషం అటూ ఇటూ రాయను," అంది ఆవిడ, చూడొచ్చా అని అడగకముందే.

నాసియెకు వేలు పెట్టి చదివింది. ఆరూ ముప్ఫై నాలుగు, గూడబాతులు. ఆరూ నలభై, నీలికొంగ. ఆరూ యాభై నుంచి ఏడూ పది దాకా ఒకే వరుస: కిరీటపు కొంగల జత, ఏరు కలిసే చోటి రెల్లులోంచి, అరుపులు ఆగలేదు.

"ఇరవై నిమిషాలా?"

"నేనూ అదే అనుకున్నాను. గూట్లో పిల్లలున్నప్పుడు ఆ కొంగలు నోరెత్తవు. పిల్లల జోలికి ఎవరో వెళితేనే అంత గోల. నక్కేమోననుకున్నాం." ఆవిడ కింది వరుస చూపించింది. ఏడూ పదిహేను, ఫ్లెమింగోలన్నీ ఒక్కసారిగా లేచాయి, కారణం: బండి. "పిట్టలు బెదురుతాయని మమ్మల్ని దగ్గడానికి కూడా వద్దన్న పెద్దమనిషి, ఇంజను గీపెట్టించుకుంటూ పోయాడు. వచ్చాక గట్టిగా అడిగాను. ఏం చెప్పాడే?"

చెల్లెలు టీలోంచి తలెత్తింది. "బండి తీయలేదన్నాడు. నీకు చెవుడన్నాడు."

ఏడున్నరదాకా కునుకు తీశానన్నవాడి బండి ఏడుంబావుకే కదిలింది. నాసియెకు ఆ పేజీని ఫొటో తీసుకుంది. కిరీటపు కొంగపిల్లల్ని గూళ్లలోంచి ఎత్తుకెళ్లి దేశాలు దాటించేవాళ్ల కోసం ఆమె విభాగం మూడు నెలలుగా వెతుకుతోంది. ములే రెల్లుగట్టున కొంగల అరుపు విని వెళ్లి ఉంటాడు.

ఒడూయాకు చెప్పింది. అతను విని, చేతి గడియారం చూసుకున్నాడు.

"బడి పంతులమ్మ పిట్టల పద్దు, బూట్ల మట్టి. వీటితో కోర్టుకెళ్తే జడ్జీగారు టీ ఇప్పించి పంపుతారు. నా దగ్గర నెత్తుటి గొడ్డలుంది."

"గొడ్డలి ఉన్నచోటు చూపించండి. ఆ ముసలాయన్ని కూడా తీసుకురండి."

"ఒంటిగంటకి నా బండి కదులుతుంది మేడమ్. మీరెక్కినా సరే, ఎక్కకపోయినా సరే."

మేడిచెట్టు దగ్గరికి చేరేసరికి పన్నెండూ ఐదు. కిర్సోయ్ చేతులకు బేడీలు, భుజాన పాత తోలు దుప్పటి. చెట్టును చూడగానే ఆగిపోయాడు. తొర్ర మూతిని నలుదిక్కులా నరికేశారు. చెక్కపేళ్లు పది అడుగుల దాకా ఎగిరిపడ్డాయి. కూలిన గూడు చుట్టూ మిగిలిన ఈగలు దిక్కుతోచక తిరుగుతున్నాయి. ముసలాయన బేడీలతోనే చేతులెత్తి ఆ గాయం మీద అరచేయి ఆనించాడు.

"దీన్నెవరు చంపారు తల్లీ?" అని అడిగాడు నాసియెకును.

"నువ్వేనంటున్నారు తాతా."

ఆయన నిదానంగా చెప్పుకొచ్చాడు. తన గొడ్డలి దగ్గర్లోనే, కంచె అవతల తేనెటీగలకు కట్టిన దుంగగూళ్ల దగ్గర చెట్టుకొమ్మకు వేలాడుతుంది. వేలాడదీసిన గొడ్డలిని ఇంకొకడు ముట్టుకోడు. తాతల నాటినుంచీ అంతే. అందుకే ఇవాళ పొద్దెక్కాక వెళ్తే అది కనబడకపోయినా, కోతులు పడేశాయేమోనని కింద వెతికాడు. అంతకుమించి ఏ అనుమానమూ రాలేదు. ఇక ఈ చెట్టు సంగతి. తేనె తీసేవాడు అరచెయ్యి పట్టేంత కన్నమే కొడతాడు. పొగపెడతాడు. తీసుకున్నాక కన్నానికి రాయి అడ్డుపెట్టి మట్టి మెత్తుతాడు, వచ్చే ఏటికి ఈగలు మళ్లీ కావాలి కదా. ఇక్కడ పొగ వాసనైనా లేదు.

"తొందర్లో మానేశావు. గార్డు వచ్చాడు కదా," అన్నాడు ఒడూయా.

అప్పుడే తలల మీద ఎక్కడో అగ్గిపెట్టె ఊపినట్టు చప్పుడయింది. బూడిదరంగు చిన్న పిట్ట ఒకటి కొమ్మ మీద వాలి, వాళ్లనే చూస్తూ ఆగకుండా అరుస్తోంది.

"ఇదిగో, దీన్నడగండి," అన్నాడు కిర్సోయ్.

నాసియెకుకు ఆ పిట్ట తెలుసు. తేనెపిట్ట. మనిషిని పిలిచి, కొమ్మకొమ్మకూ ఆగుతూ తేనెపట్టు దగ్గరికి తీసుకెళ్తుంది. పట్టు పగలగొట్టడం మనిషి పని. మైనం తినడం దాని పని. చిన్నప్పుడు పశువుల వెంట వెళ్లినప్పుడు ఆమె కూడా దాని వెనక పడి, తిట్లు తిన్నది.

"తినేసిన పిట్ట అరవదు," అన్నాడు ముసలాయన. "పొద్దున ఎవడో దీన్ని మోసం చేశాడు. మొదటి ముక్క పిట్టది. మన వేలికంటిన తేనె నాకకముందే రాతిమీద దాని వాటా పెట్టాలి. ఆకలికి చచ్చిపోతున్నా సరే పెట్టాలి. నేను పుట్టాక ఒక్కసారి కూడా తప్పలేదు."

నాసియెకు చెట్టు చుట్టూ వంగి చూసింది. రాళ్లున్నాయి, మైనం చుక్క లేదు. తొర్రలోకి చెయ్యి పెట్టింది. భుజం దాకా దిగింది. అంతా ఖాళీ.

"మీరు పట్టుకున్నప్పుడు ఈయన దగ్గర ఎంత తేనె ఉంది?" అని అడిగింది ఒడూయాను.

"సంచిలో ఒక సొరకాయ బుర్ర, అందులో సగం."

"ఈ తొర్రలో రెండు బకెట్లకి తక్కువ ఉండదు. గార్డు మీద పడితే కొట్టి పారిపోయినవాడు, ఒక్క తుట్టె కూడా వదలకుండా ఊడ్చుకునేదాకా తీరిగ్గా ఉన్నాడు. పిట్టకి ఓ ముక్క పెట్టడానికి మాత్రం తీరిక లేకపోయింది. పోనీ, ఆ రెండు బకెట్ల తేనె ఎక్కడుంది?"

ఒడూయా తొర్రలోకి తొంగి చూశాడు. ఈసారి గడియారం చూసుకోలేదు.

పిట్ట ఇంకో కొమ్మకు ఎగిరింది. తోక అంచుల తెలుపు తళుక్కుమంది. వెనక్కి తిరిగి మళ్లీ అరిచింది.

"మైనం వాసన దానికి ఎంతదూరమైనా తెలుస్తుంది. ఎక్కడుందో అక్కడికే తీసుకెళ్తుంది," అన్నాడు కిర్సోయ్. పిట్ట వైపే చూస్తూ, "కానీ తల్లీ, ముందే చెబుతున్నా. మోసపోయిన పిట్ట తర్వాతొచ్చినవాళ్లని పాముల దగ్గరికీ, చిరుతల దగ్గరికీ తీసుకెళ్తుందంటారు. పూచీ నాది కాదు," అన్నాడు.

"మేడమ్, ఇప్పుడు పిట్ట వెనకాల నడవబోతున్నామా?" అన్నాడు ఒడూయా.

"మీరు బండి దగ్గర ఉండొచ్చు."

"ఉంటే, నా ముద్దాయితో మీరు అడవిలోకి వెళ్తారు. నడవండి. ఈ సంగతి మా స్టేషన్‌లో తెలిస్తే నేను చచ్చేదాకా నన్ను పిట్ట అనే పిలుస్తారు."

ముగ్గురూ నడిచారు. ముందు ముసలాయన. ఆయన నోటితో గురగురమని ఏదో వింత చప్పుడు చేస్తున్నాడు, పిట్ట జవాబిస్తోంది. ఆయన ఆగితే అది ఆగుతోంది, ఆయన పలికితే అది ఎగురుతోంది. ఒక్క పిట్ట, పోలీసు బేడీల్లో ఒక ముసలాయన, ఇద్దరి మధ్యా ఏదో పాత ఒప్పందం. నాసియెకు గడియారాన్ని మరిచిపోయి కాసేపు వాళ్లనే చూస్తూ నడిచింది. ఎర్రనేల క్రమంగా పాలిపోయింది. గడ్డి పలచబడింది. పన్నెండూ ముప్ఫైకి బూట్ల కింద చవుడు పెచ్చులు కరకరలాడాయి.

ఏటేటా పెరిగిన సరస్సు ఇక్కడ అడవిలోకే వచ్చేసింది. నీళ్లలో నిలబడి ఎండిపోయిన చెట్లు. వాటి మధ్య, పార్కువాళ్లు ఎప్పుడో వదిలేసిన పాత పంపుగది, మెట్టుదాకా నీళ్లలో. పిట్ట దాని రేకు మీద వాలింది. ఇక ఎగరలేదు.

కిర్సోయ్ చెవి రిక్కించాడు. "ఈగల చప్పుడు లేదు. మైనం మాత్రం ఉంది. ఇలా ఎప్పుడూ జరగలేదు."

చవుట్లో బండి చక్రాల గుర్తులు తాజాగా ఉన్నాయి. పక్కనే రెండు పొడుగాటి గాడులు. ఎవరినో చంకల కింద పట్టుకుని ఈడ్చితే, మడమలు గీసిన గాడులు. అవి రెల్లుగట్టు వైపు నుంచి వచ్చి చక్రాల గుర్తుల దగ్గర ఆగిపోయాయి. నాసియెకు చూపించకముందే ఒడూయా మోకాళ్ల మీద కూర్చుని వాటిని చూస్తున్నాడు.

తలుపు తాళం కొత్తది. ఒడూయా భుజంతో రెండుసార్లు గుద్దేసరికి పాత చెక్క ఊడింది.

లోపల రెండు వెదురు బుట్టలు. వాటి మీద తడిగుడ్డ. గుడ్డ ఎత్తగానే ఆరు పసుపు తలలు ఒక్కసారి పైకి లేచాయి. కిరీటాలింకా మొలవని కొంగపిల్లలు. అరవడానికి కూడా ఓపికలేక నోళ్లు తెరిచి చూస్తున్నాయి. పక్కన గిన్నెలో నీళ్లు. మూలన, అతిథులకు తిండి తీసుకెళ్లే పెద్ద రేకు డబ్బా. మూత సందులోంచి తేనె కారి నేల మీద మడుగు కట్టింది. డబ్బా నిండా, మట్టీ చెక్కపేళ్లతో కలిసి నలిగిన తుట్టెలు. మూత మీద తెల్లరంగుతో పెద్దగా అంకె రాసి ఉంది.

నాలుగు.

ఒడూయా ఆ అంకెను చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి, ముసలాయన బేడీలు విప్పాడు. విప్పేటప్పుడు ఆయన మొహంలోకి చూడలేకపోయాడు.

"మ్వాంగోలా రెల్లులో పిల్లల్ని ఎత్తుకుంటుంటే ములే చూశాడు," అంది నాసియెకు. "ములేని కొట్టాడు. శవం ఇక్కడ దొరికితే ఈ గది బయటపడుతుంది. అందుకని బండిలో చెట్టు దాకా మోసుకెళ్లి, కంచె అవతలి గొడ్డలి తెచ్చి తొర్ర నరికి, నేరం తాతమీదకి తోశాడు. వెయ్యి పిట్టల పేర్లు తెలిసినవాడు, ఒక్కదాని వాటా మరిచిపోయాడు."

"శవమనుకున్నాడు," అన్నాడు ఒడూయా మెల్లగా. "ములే చావలేదు కదా."

ఆ మాట అతని నోట్లో ఉండగానే నడుముకున్న రేడియో పలికింది. పార్కు ఆఫీసు నుంచి ఆపరేటరు అమ్మాయి. గొంతులో సంతోషం. ములే కళ్లు తెరిచాడట. నీళ్లు అడిగాడట. ఇంకా మాట్లాడటం లేదుగానీ మనుషుల్ని గుర్తుపడుతున్నాడని ఆసుపత్రివాళ్లు చెప్పారట.

"ఈ సంగతి ఎవరికి చెప్పావు?" అని అడిగింది నాసియెకు, రేడియో లాక్కుని.

"ఇక్కడున్నవాళ్లందరికీ మేడమ్. మ్వాంగోలా అయితే ఏడ్చేశాడు పాపం. వంటింట్లో రాగిజావ కాయించుకుని, ఫ్లాస్కులో పోసుకుని, తనే తాగిస్తానని ఆసుపత్రికి బయల్దేరాడు. ఇన్‌స్పెక్టర్ గారి చీటీ ఉందిగా, లోపలికి పంపుతారు."

"ఎంతసేపయింది?"

"ఇరవై ఐదు నిమిషాలు."

ఆసుపత్రికి ముప్పావుగంట దారి. వాళ్ల బండి మేడిచెట్టు దగ్గర, ఇరవై నిమిషాల నడక. ఒడూయా మొహం చవుడు మన్ను రంగులోకి వచ్చింది.

"కానిస్టేబుల్‌ని నేనే వెనక్కి పిలిచాను," అన్నాడు. "చీటీ నేనే రాశాను."

"వార్డుకి ఫోన్ చెయ్యి," అంది నాసియెకు రేడియోలో. "ములే నోట్లో ఎవరూ ఏమీ పొయ్యకూడదు. నేను వచ్చేదాకా అతని దగ్గరికి ఎవర్నీ రానివ్వొద్దు. చీటీ ఉన్నా సరే."

ఒడూయా అప్పటికే ఎర్రనేల వైపు పరుగు తీస్తున్నాడు. ఆమె కూడా కదలబోతూ వెనక్కి చూసింది. కిర్సోయ్ డబ్బాలోంచి అరచేయంత తుట్టె విరిచి, బేడీల గుర్తులు కమిలి ఉన్న చేతులతో మెట్టు పక్కన రాతిమీద జాగ్రత్తగా పెడుతున్నాడు.

"పాము దగ్గరికి తీసుకెళ్తుందని చెప్పానుగా తల్లీ," అన్నాడు తలెత్తకుండా. "తీసుకొచ్చింది. నువ్వు పరిగెత్తు. పిల్లల్ని నేను చూస్తా."

పిట్ట రాతిమీదకి దిగింది. అరగంటగా ఆగని అరుపు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, పరుగెత్తుతున్న నాసియెకు చేతిలోని రేడియోలోంచి ఆపరేటరు గొంతు స్పష్టంగా వినిపించింది.

"వార్డులో ఫోన్ మోగుతోంది మేడమ్. ఎవరూ ఎత్తడం లేదు."